ఏకవచనం

కేస్ షీటు రెండో పేజీలో, పైనుంచి నాలుగో వరుసలో, నీలం సిరాతో రాసి ఉంది: పూర్ హిస్టోరియన్.

ముప్పై మూడేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. ఆ మాత్రం ఇంగ్లీషు చదవగలను. కానీ చరిత్రకారుల గొడవ మా పెద్దమ్మ కేస్ షీటులోకి ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. పక్క మంచానికి సెలైన్ మారుస్తున్న సిస్టరమ్మను అడిగాను. "తన జబ్బు సంగతి సరిగ్గా చెప్పుకోలేని పేషెంటు అని అర్థమండీ. ఈ వార్డులో సగం మందికి అదే రాస్తారు," అని సీసా తగిలించి వెళ్ళిపోయింది.

మా పెద్దమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. ఊళ్ళో సంబంధం కుదరాలంటే వరసలు కలుస్తాయో లేదో తేల్చుకోవడానికి ఆమె అరుగు దగ్గరికే వస్తారు. ఏడు తరాల చుట్టరికాలు పొల్లుపోకుండా చెబుతుంది. డెబ్బై ఏడు ఉప్పెనలో ఎవరి పాక కొట్టుకుపోయింది, ఎవరి గేదె ఏ చెట్టుకు చిక్కుకుని బతికింది, ఆ రాత్రి గాలి ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు తిరిగింది, నిన్న జరిగినట్టు చెబుతుంది. అలాంటి మనిషికి తన కథ చెప్పుకోవడం రాదని ఇరవై మూడేళ్ళ హౌస్ సర్జను తీర్మానించాడు.

ఆమె ఏం చెప్పిందో నేను విన్నాను. మంచం పక్కనే నిలబడి ఉన్నాను.

"కోడిపిల్లను గుప్పిట్లో పట్టుకుంటే కొట్టుకుంటది చూడు బాబూ, గుండెలో అట్టా కొట్టుకుంటంది. కాసేపటికి దానంతటదే సద్దుమణుగుద్ది. అప్పుడు కళ్ళు బైర్లు కమ్ముతాయి, కాళ్ళల్లో సత్తువ ఉండదు."

కుర్రాడు కాగితం మీంచి తల ఎత్తలేదు. "ఏయ్ అమ్మా, కోళ్ళ కథలు వద్దు. నొప్పి ఉందా లేదా, అది చెప్పు."

"నొప్పి లేదయ్యా."

అంతే. రాసేసుకున్నాడు.

మూడో రోజు తెల్లవారుజామున ఆమెకు ఒళ్ళంతా చెమటలు పోసి మనిషి వాలిపోయింది. హడావిడిగా ఈసీజీ తీస్తే గుండె లయ తప్పి కొట్టుకుంటోందని తేలింది. పొద్దున రౌండ్సుకొచ్చిన పెద్ద డాక్టరు, అంతకుముందు దడ ఉందని చెప్పలేదా అని ఇంగ్లీషులో అడిగాడు. కుర్రాడు ఏ తడబాటూ లేకుండా జవాబిచ్చాడు: "నో సర్. పూర్ హిస్టోరియన్."

పెద్ద డాక్టరు సరేనన్నట్టు తల ఊపి పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

ఆ తల ఊపడం దగ్గర నాకు ఒళ్ళు మండింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ మండుతోంది. గుప్పిట్లో కోడిపిల్ల! లయ తప్పిన గుండెకు అంతకంటే కచ్చితమైన వర్ణన ఏ పాఠ్యపుస్తకంలో ఉంటుంది? నా క్లాసులో ఎవరైనా ఆ ఉపమానం రాసి ఉంటే పక్కన రెండు టిక్కులు పెట్టేదాన్ని. జబ్బు తన పేరు తాను చెప్పుకుంది. తెలుగులో చెప్పింది, అదీ పల్లెటూరి ముసలమ్మ నోటి నుంచి చెప్పింది. అందుకని లెక్కలోకి రాలేదు.

ఆమె ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ నాకు చేసే పని లేక వ్యాకరణం గమనిస్తూ కూర్చున్నాను. పంతులమ్మ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ వార్డులో మధ్యమ పురుష బహువచనం లేదు. "లే." "తిరుగు." "నోరు తెరువ్." "పక్కకు జరుగు." "ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" డెబ్బై ఏళ్ళవాళ్ళకూ అదే, పద్దెనిమిదేళ్ళ పిల్లకూ అదే. మనలో నువ్వు అనే మాటకు చాలా మర్యాద ఉంది, నేను కాదనను. అమ్మను నువ్వంటాం, దేవుణ్ణి నువ్వంటాం. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్ళను కూడా నువ్వని ప్రేమగా పిలుస్తారు, దాని తీపి వేరు. ఆ వార్డులో వినపడ్డ నువ్వు అది కాదు. అది పశువును అదిలించే నువ్వు. ఎవరికైనా చెవులుంటే తేడా తెలుస్తుంది.

మంచానికి నంబరుంది, మనిషికి పేరు లేదు. మా పెద్దమ్మ పద్నాలుగు. "పద్నాలుగుకు లాసిక్స్ ఇచ్చారా?" "పద్నాలుగు మోషన్ వెళ్ళిందా?" అయిదో రోజు పద్నాలుగు 'మంచి కేసు' అయింది. ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది. మంచి కేసు అంటే ఊపిరితిత్తుల్లో నీరు, గుండెలో శబ్దం, కాళ్ళకు వాపు, అన్నీ ఒకే ఒంట్లో దొరికే మనిషి. పదిహేను ఇరవై మంది తెల్లకోట్లు మంచం చుట్టూ మూగారు. తెరకు కడ్డీ ఉంది, కడ్డీకి తెర లేదు. ఒక చెయ్యి ఆమె పైట తీసేసింది. అడిగి తియ్యలేదు, చెప్పి కూడా తియ్యలేదు. ఒకరి తర్వాత ఒకరు స్టెతస్కోపు పెట్టి విన్నారు. వెనక నిలబడ్డ ఇద్దరు పిల్లలు సెల్‌ఫోన్‌లో ఏదో చూసుకుని నవ్వుకుంటున్నారు. నలభై ఏళ్ళుగా బావగారి ముందు తలమీద కొంగు జార్చని మనిషి మా పెద్దమ్మ. వాళ్ళు వెళ్ళాక కొంగు సర్దుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. "ఆకలి లేదే," అంది నాతో. కేస్ షీటులో ఇది కూడా రాశారో లేదో నేను చూడలేదు.

ఆరో రోజు క్యాంటీను దగ్గర టీ తాగడానికి మాస్కు కిందికి లాగిన ఆ హౌస్ సర్జను నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. "మేడమ్! మీరా?"

నా శిష్యుడు. ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా నా దగ్గర చదివినవాడు. ఆరు రోజులు ఒకే మంచం దగ్గర ఎదురెదురుగా నిలబడ్డాం. వాడి ముఖానికి మాస్కుంది కనక నేను గుర్తుపట్టలేదు. నా ముఖానికి ఏముందని వాడు గుర్తుపట్టలేదు?

వాడి గురించి ఒక సంగతి చెప్పాలి. తొమ్మిదో తరగతిలో ఉండగా పక్క బెంచీ పిల్లాడికి క్లాసులోనే మూర్ఛ వచ్చి పడిపోయాడు. అందరూ తాళంచెవులు తెచ్చి చేతిలో పెట్టమని అరుస్తుంటే, వీడు మాత్రం ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా, పిల్లాణ్ణి ఒక పక్కకు తిప్పి, తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్లాడి బట్టలు తడిస్తే తన చొక్కా విప్పి కప్పాడు, మిగతావాళ్ళు చూసి నవ్వకుండా. అప్పుడు వాడికి పద్నాలుగేళ్ళు. డాక్టరు కావాల్సినవాడు వీడేనని స్టాఫ్ రూములో అందరికీ చెప్పాను.

అదే చేతులు మా పెద్దమ్మ పైట తీశాయి. అదే నోరు కోళ్ళ కథలు వద్దంది. ఈ మధ్యలో ఏం జరిగింది? ఎవరు చేశారు ఈ పని?

వాడే చెప్పాడు, టీ చల్లారిపోతుంటే. ముప్పై గంటలుగా నిద్రలేదట. ఆ మాట కళ్ళే చెబుతున్నాయి. "మొదటి వారం పేషెంట్లను మీరు అనేవాణ్ణి మేడమ్. మా పీజీ సార్ అందరి ముందూ నవ్వారు. ఏంటి, పెళ్ళిచూపులకొచ్చావా అన్నారు. ఇలా మర్యాదలు చేస్తూ కూర్చుంటే యాభై అడ్మిషన్లు ఎప్పుడు చూస్తావన్నారు. పదిరోజుల్లో మానేశాను." తర్వాత కొంచెం ఆగి, "ఆ సార్ కూడా ముందు అట్టాగే అనేవారంట," అన్నాడు.

అత్తా ఒకింటి కోడలే. ఈ సామెత మనవాళ్ళు సరదాకు పుట్టించలేదు. కోడలిగా పడ్డదంతా అత్తగా తీర్చుకోవడమే మన ఇళ్ళల్లో చదువు. అదే చదువు వైద్య కళాశాలలోకి ప్యాంటు షర్టు తొడుక్కుని వెళ్ళింది. మొదటేడు వాడు రెండో ఏడు వాడికి సార్ అనాలి, తల ఎత్తకూడదు, చొక్కా మూడో గుండీ వైపు చూస్తూ మాట్లాడాలి. పీజీకి టిఫిన్ హౌస్ సర్జను తేవాలి. అసిస్టెంటు ప్రొఫెసరు పీజీని నలుగురు పేషెంట్ల ముందు నిలబెట్టి తిట్టవచ్చు. ప్రొఫెసరు అసిస్టెంటును తిట్టవచ్చు. వరస అంతా పైనుంచి కిందికి దిగి దిగి చివరి మెట్టు దగ్గర ఆగుతుంది. అక్కడ తిరిగి తిట్టడానికి ఎవరూ లేనివాడు ఉంటాడు. వాడు ఓపీ చీటీ చేతిలో పట్టుకుని నిలబడి ఉంటాడు.

ర్యాగింగ్ నిషేధ చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే వచ్చింది. 2023 ఫిబ్రవరిలో వరంగల్లులో మత్తుమందు విభాగంలో చదువుతున్న మొదటేడు పీజీ అమ్మాయి పోయినప్పుడు ఆ చట్టం సంగతి అందరికీ మళ్ళీ గుర్తొచ్చింది. పదిరోజులు గుర్తుంది. జాతీయ వైద్య కమిషన్ సమాచార హక్కు కింద ఇచ్చిన లెక్క ప్రకారమే అయిదేళ్ళలో 122 మంది వైద్య విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 64 మంది ఎంబీబీఎస్, 58 మంది పీజీ. రెసిడెంటు డాక్టర్లకు రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించి డ్యూటీ ఉండకూడదని కేంద్రం 1992లోనే ఆదేశం ఇచ్చింది. నా శిష్యుడు పుట్టకముందే వచ్చిన ఆదేశం అది! వాడు ముప్పై గంటలుగా మేలుకుని ఉన్నాడు. అలా మేలుకున్న కుర్రాడు మా పెద్దమ్మ మాట వినలేదని నేను అరుస్తున్నాను. అరుపు ఎటు తిరగాలో మీరే చెప్పండి.

ఈ అధికార వరస ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచిస్తే సగం మనదే, సగం దొరలది. మద్రాసు, విశాఖ లాంటి చోట్ల పెద్ద వైద్య కళాశాలల్లో తొలితరం ప్రొఫెసర్లలో చాలామంది ఇండియన్ మెడికల్ సర్వీస్ అధికారులు. ఆ సర్వీసు పుట్టిందే సైన్యం కోసం. మేజర్లూ కల్నల్లూ పాఠాలు చెప్పారు. ఈనాటికీ వార్డు మాటల్లో ఆ బూట్ల చప్పుడు వినపడుతుంది: యూనిట్, చీఫ్, డ్యూటీ, రిపోర్ట్, రౌండ్స్. చీఫ్ వస్తుంటే వార్డంతా బిగుసుకుపోతుంది. మంచం కింద చెప్పులు, టిఫిన్ క్యారేజీలు, పేషెంటు మనుషులు, అన్నీ బయటికి.

భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి కథ నేను ఏటా క్లాసులో చెప్పేదాన్ని. ఫోలిక్ యాసిడ్ గురించీ, మెథోట్రెక్సేట్ గురించీ చెప్పి పిల్లల్ని ఉత్సాహపరిచేదాన్ని. ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదికి ఖద్దరు బట్టలు వేసుకెళ్ళాడు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షల్లో బాగా రాసినా ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు, దానికి తక్కువైన ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు. పిల్లలు తెల్లదొరను తిట్టుకునేవాళ్ళు. నేనూ తిట్టించేదాన్ని. దొర వెళ్ళిపోయి ఇన్నేళ్ళయింది. ఆయన కుర్చీ మాత్రం అలాగే ఉంది. ఈనాటికీ ప్రాక్టికల్ పరీక్షలో ప్రొఫెసరుకు నచ్చనివాడు తప్పుతాడని ప్రతి వైద్య విద్యార్థికీ తెలుసు. అందుకే ప్రొఫెసరు మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. "సార్, ఆ ముసలావిడ దడ సంగతి చెప్పింది, నేనే వినలేదు," అనే మాట ఆ వార్డులో ఎవరి నోటా రాదు. అంటే వాడి పని అంతే. పూర్ హిస్టోరియన్ అంటే ఎవరికీ నష్టం లేదు, పద్నాలుగుకు తప్ప.

ఇక ఆ ప్రాక్టికల్ పరీక్షల సంగతి. అది విన్నాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పరీక్షల రోజుల్లో మంచి కేసుల్ని ఊళ్ళ నుంచి పిలిపిస్తారట. దారి ఖర్చులు, ఓ పూట భోజనం, ఎంతో కొంత చేతిలో పెడతారు. ఏళ్ళ తరబడి వచ్చేవాళ్ళున్నారు. తమ జబ్బు పేరు వాళ్ళకు ఇంగ్లీషులో కంఠతా వచ్చు. బిక్కమొహం వేసుకుని నిలబడ్డ పిల్లాణ్ణి చూసి జాలిపడి, "మైట్రల్ స్టెనోసిస్ బాబూ, ఎడమ పక్కకు తిప్పి విను, బాగా వినపడుద్ది," అని మెల్లగా చెబుతారట. కొందరికి పిల్లలు వంద రూపాయలు ఇస్తారు. నా శిష్యుడికి అలా ఒక రైతుకూలీ చెప్పి గట్టెక్కించాడట. "ఆయన పేరేంటి?" అని అడిగాను. వాడు ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు. "ఎంఎస్ కేసు మేడమ్," అన్నాడు.

ఇదంతా పైనున్నవాళ్ళకు తెలియదా అంటే, తెలుసు. తెలుసు కనకే పాఠం పెట్టారు. 2019లో ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక మార్చినప్పుడు నడవడి, నైతికత, మాట తీరు నేర్పడానికని ఏట్‌కామ్ అనే పాఠాల వరస ఒకటి చేర్చారు, మొదటేడు నుంచి చివరిదాకా. చేరగానే నెలరోజుల పునాది కోర్సు పెట్టారు, అందులో స్థానిక భాష నేర్పడం కూడా ఒకటి. కాగితం మీద చదివితే కళ్ళు చెమరుస్తాయి. నా శిష్యుడు ఏట్‌కామ్ రికార్డు రాశాడా? రాశాడు. బాగా రాశాడు. సీనియర్ రికార్డు చూసి రాశాడు. 'రోగి బాధను విన్నప్పుడు నాలో కలిగిన ఆలోచనలు' కూడా సీనియర్వే.

ఉదయం లెక్చర్ హాల్లో రోగి గౌరవం గురించి గంట పాఠం. పదకొండింటికి వార్డులో అదే మాస్టారు, "దీన్ని పక్కకు నెట్టి తర్వాతి కేసు పట్రా." పిల్లలు ఏది నేర్చుకుంటారు? ముప్పై మూడేళ్ళు పిల్లల మధ్య బతికినదాన్ని, నన్నడగండి. మాస్టారు చెప్పింది పరీక్షకు రాస్తారు, మాస్టారు చేసింది బతుక్కి నేర్చుకుంటారు. ఫిలడెల్ఫియాలో జెఫర్సన్ వైద్య కళాశాల పరిశోధకులు విద్యార్థుల్లో రోగి పట్ల సహానుభూతి ఏటా ఎలా మారుతోందో కొలిచి 2009లో ప్రకటించారు. మూడో ఏట బాగా పడిపోయిందట. అక్కడ మూడో ఏడంటే పిల్లలు వార్డుల్లో పడే ఏడు. పుస్తకాలు చదివినంతకాలం బాగానే ఉన్నారు, మనుషుల దగ్గరికి పంపాక చెడిపోయారు! అమెరికాలోనూ అంతేనట అని చంకలు కొట్టుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళు కనీసం కొలిచారు.

మన దగ్గర గొడవంతా ప్రమాణం మీద. హిపోక్రటీస్ ప్రమాణమా, చరక శపథమా? 2022లో మదురైలో విద్యార్థులచేత చరక శపథం చేయించారని అక్కడి డీన్‌ను ప్రభుత్వం వెంటనే పదవి నుంచి తప్పించింది, తర్వాత మళ్ళీ తీసుకుంది. చూశారా, కావాలంటే ఎంత వేగంగా కదలగలరో! శపథం మాట మారితే డీన్ కుర్చీ కదిలింది. కానీ తెర లేని మంచం మీద ఆడమనిషి పైట తీసినందుకు, పురిటి గదిలో అరిచిన పిల్లను తొడమీద కొట్టినందుకు, ఎవరి కుర్చీ అయినా ఒక్క అంగుళం జరిగిందా?

పురిటి గది మాట వచ్చింది కనక చెబుతున్నాను. ఆడదానికి కాన్పు పునర్జన్మ అంటారు మనవాళ్ళు. మా వీధిలో పాలు పోసే ఆవిడ కూతురు మొదటి కాన్పుకు వెళ్ళింది. నొప్పులకు తట్టుకోలేక కేక పెడితే, "అప్పుడు లేని సిగ్గు, ఏడుపు ఇప్పుడెందుకే?" అన్నారట. అన్నది కూడా ఆడమనిషే, డాక్టరమ్మే. ఆ పిల్ల ఇప్పటికీ రెండో కాన్పు అంటే వణుకుతుంది. ప్రసవ సమయంలో స్త్రీలను అవమానించడాన్ని ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే ప్రకటన చేసింది. 2017లో కేంద్రం లక్ష్య అనే పథకం పెట్టి పురిటి గదుల నాణ్యత పెంచుతామంది. గదులకు టైల్స్ పడ్డాయి. ఆ వాక్యం మాత్రం ఏ టైలు కిందా పూడిపోలేదు. మీ ఇంట్లో ప్రభుత్వాసుపత్రిలో కన్న ఆడవాళ్ళుంటే అడిగి చూడండి.

ధర్మాసుపత్రి. ఎంత పాత మాట! మా నాయనమ్మ ఆ మాటే అనేది, మా పెద్దమ్మా అదే అంటుంది. పన్ను కడతాం, సబ్బు మీద కూడా కడతాం, ఆ డబ్బుతో నడిచే ఆసుపత్రిని ధర్మం అంటున్నాం. అటువైపు బల్ల దగ్గర కూర్చున్నవాడికి కూడా ఆ మాట బాగా ఎక్కింది. ధర్మం పుచ్చుకునేవాడికి మర్యాద ఏమిటి? మా పెద్దమ్మను గోడవైపు తిప్పి పడుకోబెట్టింది ఆ మాటే. ఆమెకు కోపం రాలేదు, అదే నన్ను చంపేసింది. "ఊరికే చూస్తన్నారు కదే, నాలుగు మాటలు పడాలి," అంది.

ఆసుపత్రి గోడ మీద పెద్ద బోర్డుంది: వైద్య సిబ్బందిపై దాడి చేస్తే 2008 చట్టం ప్రకారం జైలు శిక్ష. ఉండాల్సిందే. డాక్టర్ల మీద చెయ్యి చేసుకునే మూకల్ని నేను ఒక్క క్షణం కూడా సమర్థించను. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం తయారు చేసింది, అందులో 17 హక్కులున్నాయి. గౌరవంగా చూడబడే హక్కు, ఆంతరంగికతకు భంగం కలగని హక్కు, తనకేం జబ్బో తెలుసుకునే హక్కు. ఆ హక్కుల బోర్డు కోసం పదకొండు రోజులు ఆ భవనమంతా తిరిగాను. దొరకలేదు. సెప్టిక్ వార్డు మెట్ల కింద చీపుళ్ళ దగ్గర ఒక బోర్డు బోర్లా పడి ఉంటే ఆశగా తిప్పి చూశాను. 'ఉమ్మి వేయరాదు' అని ఉంది.

ఇక మన సంగతి, నా సంగతి. ఆసుపత్రికి బయల్దేరే ముందు మన ఇళ్ళల్లో అడిగే మొదటి ప్రశ్న ఏ డాక్టరు బాగా చూస్తాడని కాదు. "అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా?" అని. ఎమ్మెల్యే పీఏ, ఎమ్మార్వో తోడల్లుడు, డాక్టరుగారి ఊరివాడు, ఎవరో ఒకరి ఫోను వెళ్ళాలి. ఫోను వెళితే నువ్వు కాస్తా మీరు అవుతుంది. వెళ్ళకపోతే వరండాలో చాప. ఫోను చేసే ప్రతివాడూ ఆ చాప మీద మనిషిని మరింత కిందికి తోస్తున్నాడు. ఆ సంగతి తెలిసే చేస్తాం. నేనూ చేశాను. నా శిష్యుడు నన్ను గుర్తుపట్టిన గంటలో పద్నాలుగో మంచానికి తెర వచ్చింది. ఎక్కడి నుంచి తెచ్చాడో! ఫ్యాను తిరగడం మొదలైంది. "అమ్మమ్మా, రాత్రి నిద్ర పట్టిందా మీకు?" అని అడిగాడు. మా పెద్దమ్మ నా వైపు చూసింది, ఎవర్ని అడుగుతున్నాడోనని. ఆ తెర పదిహేనో మంచానికి ఎందుకు లేదని నేను వాణ్ణి అడగలేదు. ఆ పూట హాయిగా నిద్రపోయాను కూడా.

ఇంకొకటి ఒప్పుకోవాలి. వాడి నాన్న వచ్చి ఇంటర్లో తెలుగు తీసుకోమంటారా, సంస్కృతమా అని అడిగితే సంస్కృతమే తీసుకోమన్నాను. తెలుగు పంతులమ్మను! వందకు తొంభై తొమ్మిది వస్తాయి, బైపీసీ పిల్లాడికి భాషతో పనేముందన్నాను. అందరం అదే అన్నాం. పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదకొండింటి దాకా బిట్లు రుద్దించే హాస్టల్లో వాణ్ణి రెండేళ్ళు పెట్టి, తర్వాత లాంగ్ టర్మ్ ఇంకో ఏడు పెట్టి, మనిషి ముఖం చూడాల్సిన వయసంతా నాలుగు ఆప్షన్ల ముందు కూర్చోబెట్టాం. వాడు మా పెద్దమ్మను అడిగిందీ అదే కదా. నొప్పి ఉందా, లేదా. ఏ, బి. కోడిపిల్ల ఆప్షన్లలో లేదు.

ఎంబీబీఎస్ తెలుగులో చెప్పమని నేను అడగడం లేదు. హైదరాబాదులో ఒకప్పుడు ఉర్దూలో వైద్యం చెప్పారు, మొన్న మధ్యప్రదేశ్‌లో హిందీ పుస్తకాలు తెచ్చారు, ఆ వాదన వేరు. నేను అడుగుతున్నది వినమని. ఆయాసం వేరు, ఎగశ్వాస వేరు. నీరసం వేరు, నిస్సత్తువ వేరు. కడుపులో దేవినట్టుంటే ఒకటి, తిప్పినట్టుంటే ఒకటి, దొలిచినట్టుంటే ఇంకొకటి. ఈ మాటలన్నీ వేల ఏళ్ళుగా ఒళ్ళు నొప్పెట్టినవాళ్ళు చేసిపెట్టిన పరీక్షలు. రక్తం తియ్యక్కర్లేదు, ఫిల్ము అక్కర్లేదు. రెండు నిమిషాలు స్టూలు లాక్కుని కూర్చుంటే చాలు. ఎనిమిదో రోజు ఒక నడివయసు డాక్టరమ్మ అలాగే కూర్చుంది. "కోడిపిల్ల ఎప్పుడెప్పుడు ఎగురుతోంది పెద్దమ్మా?" అని అడిగింది. ఆ మాట ఆమె చెవిన ఎవరు వేశారో నాకు తెలియదు. మా పెద్దమ్మ రెండు నిమిషాల్లో పదేళ్ళ జబ్బు చెప్పేసింది, పండగల లెక్కతో. చుట్టూ నిలబడ్డ పిల్లలు గడియారాలు చూసుకున్నారు. డాక్టరమ్మ వెళ్ళాక ఒకడు ఇంకొకడితో, "ఈ మేడమ్ రౌండ్స్ ఇంతే, లేటవుద్ది," అన్నాడు.

పదకొండో రోజు డిశ్చార్జి. నా శిష్యుడే కాగితాలు తెచ్చి ఇచ్చాడు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో రాశాడు. దస్తూరి ఇంకా బాగానే ఉంది, ఒత్తులు తప్పలేదు. కేస్ షీటులో ఆ మాట కొట్టెయ్యమని అడిగాను. "అది అట్లా మార్చకూడదు మేడమ్," అన్నాడు తల వంచుకుని. వంగి మా పెద్దమ్మ కాళ్ళకు చెప్పులు తొడిగాడు. "జాగ్రత్తగా వెళ్ళండి అమ్మమ్మా. మీకేమన్నా ఇబ్బంది అయితే మేడమ్‌తో ఫోన్ చేయించండి." ఆమె వాడి తల నిమిరి చల్లగా ఉండమంది. నేను వాడి వైపు చూసి ఏదో చెప్పాలనుకుని చెప్పలేకపోయాను.

ఆమెను పట్టుకుని వార్డు గుమ్మం దాకా నడిపించాను. అప్పటికే పద్నాలుగో మంచం మీద ఇంకెవర్నో పడుకోబెట్టారు. తెర లేదు, ఎవరో తీసేశారు. వెనక నుంచి వాడి గొంతు వినపడింది, పదిహేనో మంచం దగ్గర నుంచి.

"ఏయ్, నిన్నే. లే."